చంకలో గ్రంథిని చూపే కెమెరా కోసం ఆపరేషన్ ఆపుకోవాలా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. అమ్మకు 56 ఏళ్లు. ఇంటి ముందే ఇడ్లీ, ఉప్మా వేసి అమ్ముతుంది. ఎడమ రొమ్ములో గడ్డ తగిలితే బయాప్సీ చేయించాం, క్యాన్సర్ అన్నారు. గడ్డ రెండున్నర సెంటీమీటర్లు ఉంది. చంకలో స్కాన్‌కి ఏమీ తేలలేదు. విశాఖలో చూపించాం. రొమ్ము మొత్తం తియ్యకుండా గడ్డ మటుకే తీస్తామని, చంకలో రంగు మందుతో మొదటి గ్రంథిని వెతికి తీస్తామని, తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టాలని చెప్పారు. ఆకుపచ్చ మందు, కెమెరా వాడతారట. ఆ రోజుకి కెమెరా దొరక్కపోతే నీలం మందుతో చేస్తారట. మూడు వారాల తర్వాత డేట్ ఇచ్చారు. ఈలోగా మా చిన్న మావయ్య ఫోన్లో ఒక వీడియో చూశాడు. అందులో లైటు వెయ్యగానే క్యాన్సర్ మెరుస్తోంది, డాక్టరు ఏరి తీసేస్తున్నాడు. "అదుంటే ఒక్క కణం మిగలదు, రెండు నెలలు ఆగుదాం, పాతపట్నం దగ్గరున్న పొలం అమ్మి ఆ మెషిన్ ఉన్న చోటికే తీసుకెళ్దాం" అంటున్నాడు. అమ్మకి గతంలో సీటీ స్కాన్ ఇంజెక్షన్ పడక ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. ఇప్పుడు ఒంట్లోకి రంగు ఎక్కిస్తారంటే భయపడుతోంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?
— పేరు వెయ్యవద్దని కోరిన పాఠకురాలు

జవాబు: ముందు అసలు మాట చెప్పేస్తాను. డేట్ వదులుకోకండి, పొలం అమ్మకండి. మీ అమ్మగారిని నేను చూడలేదు, రిపోర్టులూ చూడలేదు. కానీ మీరు రాసినదాన్నిబట్టి విశాఖ సర్జన్ చెప్పిన పద్ధతి సరైనదే. కెమెరా దొరికితే మంచిదే. దొరక్కపోతే ఆపరేషన్ చెడిపోదు. ఉత్త పుణ్యానికి రెండు నెలలు ఆగితే మాత్రం నష్టమే.

మావయ్యగారు చూసింది అబద్ధం అనను. కాకపోతే ఆ వీడియోలో జరుగుతున్న పని వేరు, మీ అమ్మగారికి చెయ్యబోయే పని వేరు. ఆపరేషన్ థియేటర్లో ఇలా వెలుగు సాయంతో చేసే పనులన్నిటినీ ఫ్లోరసెన్స్ ఇమేజింగ్ అనే అంటారు. అందుకే బయటివాళ్లకి అన్నీ ఒకటే అనిపిస్తాయి. ఈ తేడా మీ ఇంట్లో అందరికీ అర్థమైతే సగం గొడవ అక్కడే తీరిపోతుంది. అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ సర్జన్ చెప్పిన ఆకుపచ్చ మందు పేరు ఇండోసయనిన్ గ్రీన్. ఆస్పత్రుల్లో ఐసీజీ అంటారు. కొత్త మందేమీ కాదు, అమెరికాలో దీనికి 1959లోనే అనుమతి వచ్చింది. గుండె, కాలేయం ఎలా పనిచేస్తున్నాయో చూడటానికీ, తర్వాత కంటి వెనక రక్తనాళాలు చూడటానికీ వాడుతూ వచ్చారు. దాని మీద సుమారు 800 నానోమీటర్ల (కాంతి తరంగం పొడవుకి కొలత ఇది) కాంతి వేస్తే, 830 దగ్గర ఉండే ఇంకో కాంతిని తిరిగి వదులుతుంది. మన కంటికి 700 దాటాక దాదాపు ఏమీ కనిపించదు. కాబట్టి థియేటర్లో ఉన్నవాళ్లెవరికీ అమ్మగారి ఒళ్లు మెరుస్తూ కనిపించదు. ప్రత్యేకమైన కెమెరా ఆ కాంతిని పట్టుకుని స్క్రీన్ మీద చూపిస్తుంది. ఇందులో రేడియేషన్ లేదు.

అమ్మగారికి మత్తు ఇచ్చాక చనుమొన చుట్టూ ఉండే నల్లటి చర్మం దగ్గర ఈ మందు కొద్దిగా ఇస్తారు. కొన్ని నిమిషాలు మర్దన చేస్తారు. పెద్ద లైట్లు తగ్గిస్తారు. స్క్రీన్ మీద సన్నటి గీత ఒకటి చంక వైపు పాకుతూ వెళ్తుంది. అది చంకలో ఎక్కడ లోపలికి దిగి కనుమరుగైందో అక్కడ చిన్న కోత పెట్టి, వెలుగుతున్న గ్రంథిని పట్టుకుంటారు. సాధారణంగా ఒకటి నుంచి మూడు దొరుకుతాయి. వాటిని తీసి పాథాలజీకి, అంటే కణాలను సూక్ష్మదర్శినిలో చూసే ల్యాబుకి, పంపుతారు. చర్మం మీద నుంచి ఈ వెలుగు సెంటీమీటరు లోతు వరకే బాగా కనిపిస్తుంది. మనిషి కాస్త లావుగా ఉంటే కోత పెట్టాకే గ్రంథి తేలుతుంది.

చెరువు తూము దగ్గర నీళ్లలో రంగు కలిపితే ఆ నీరు ముందు ఏ మడికి చేరుతుందో తెలుస్తుంది. ఆ మడిలో పురుగు ఉందో లేదో మాత్రం రంగు చెప్పలేదు, ఎవరో ఒకరు దిగి చూడాలి. ఐసీజీ చేసేది ఇదే. క్యాన్సర్ ఏదో, మామూలు కణం ఏదో దానికి తెలియదు. రొమ్ము నుంచి బయల్దేరిన ద్రవం మొదట చేరే గ్రంథి ఏదో చూపిస్తుంది, అంతే. క్యాన్సర్ రొమ్ము దాటితే ముందు తగిలేది ఆ గ్రంథే కాబట్టి దాన్ని పరీక్షిస్తారు. అందులో ఏమీ లేకపోతే మిగతా చంకను ముట్టుకోనక్కర్లేదు.

ఇడ్లీ పిండి రుబ్బుకుని, పాత్రలెత్తుకుని బతికే మనిషికి ఇది చిన్న విషయం కాదు. చంకలోని గ్రంథులన్నీ తీసేస్తే సుమారు ఐదుగురిలో ఒకరికి తర్వాత చెయ్యి వాస్తుంది. ఆ వాపు ఒక పట్టాన తగ్గదు. మొదటి గ్రంథి మటుకే తీస్తే ఇరవై మందిలో ఒకరికి, కాస్త అటూ ఇటూగా, వస్తుంది. మీ సర్జన్ ఈ దారి ఎంచుకున్నందుకు నాకు సంతోషంగా ఉంది. ఇప్పటికీ అలవాటు ప్రకారం మొత్తం చంక శుభ్రం చేసేసేవాళ్లు ఉన్నారు.

ఇక మావయ్యగారి వీడియో. క్యాన్సర్ కణాలే వెలిగేలా చేసే మందులు వేరే ఉన్నాయి. అందులో పాతకాపు మెదడు గడ్డలకు వాడే ఫైవ్ ఏఎల్ఏ. ఆపరేషన్‌కి కొన్ని గంటల ముందు నీళ్లలో కలిపి తాగిస్తారు. గడ్డ కణాలు దాన్ని వేరే పదార్థంగా మార్చుకుంటాయి, నీలి కాంతి వేస్తే ఎర్రగా వెలుగుతాయి. జర్మనీ వాళ్లు చేసిన పెద్ద అధ్యయనం 2006లో వచ్చింది. స్కాన్‌లో కనిపించే గడ్డ పూర్తిగా తియ్యగలిగింది మామూలు లైటులో 36 శాతం మందికైతే, ఈ మందుతో 65 శాతం మందికి. అది చాలా పెద్ద తేడా. అయినా ఆ రోగులు మొత్తం మీద ఎక్కువ కాలం బతికినట్టు అందులో తేలలేదు. తర్వాత అండాశయ క్యాన్సర్‌కి పాఫోలాసియానిన్ అనే మందుకు అమెరికాలో 2021లో అనుమతి ఇచ్చారు, 2022లో ఊపిరితిత్తులకూ ఇచ్చారు.

రొమ్ముకి కూడా ఒకటుంది, పెగ్యులిసియానిన్. దానికి 2024 ఏప్రిల్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. గడ్డ తీసేశాక ఆ గుంతలో చిన్న పరికరం పెట్టి ఇంకేమైనా మిగిలిందా అని చూస్తారు. మావయ్యగారు చూసింది బహుశా ఇలాంటిదే. అయితే దాని మీద జరిగిన ప్రధాన అధ్యయనంలో, నిజంగా క్యాన్సర్ మిగిలిన చోట్లలో ఆ వెలుగు పట్టుకున్నది సుమారు 49 శాతం. అంటే సగం. మిగతా సగం దానికి కనిపించలేదు. ఏమీ లేని చోట కూడా కొన్నిసార్లు వెలిగింది. ఆ మందు కొద్దిమందికి తీవ్రమైన అలర్జీ తెచ్చిందని పెట్టె మీదే హెచ్చరిక వేయించారు. సీటీ ఇంజెక్షన్‌కే దద్దుర్లు లేచిన మీ అమ్మగారికి నేనైతే దాన్ని వెతుక్కుంటూ వెళ్లను. ఇంతా చేసి అది మన ఆస్పత్రుల్లో మామూలుగా దొరికేదీ కాదు.

"ఒక్క కణం మిగలదు" అన్న మాట దగ్గర ఇంకొంచెం ఆగుతాను, పొలం అమ్మాలన్న ఆలోచన అక్కడే పుట్టింది కాబట్టి. గడ్డ తీశాక పాథాలజిస్టు దాని చుట్టూ ఇంక్ పూసి కోసి చూస్తారు. ఇంక్ ఉన్న అంచు మీద క్యాన్సర్ కణం లేకపోతే అంచు శుభ్రంగా ఉన్నట్టు. ఉంటే ఇంకోసారి కొంచెం తియ్యాల్సి వస్తుంది. అది ఎవరి తప్పూ కాదు, కొందరికి జరుగుతుంది. అంచు శుభ్రంగా ఉన్నా రొమ్ములో కంటికి కనిపించనివి మిగిలి ఉండొచ్చని అందరు సర్జన్లకీ తెలుసు. కరెంటు పెట్టేది వాటి కోసమే. అమెరికాలో 1976లో మొదలుపెట్టి, 20 ఏళ్లు రోగుల్ని గమనించి 2002లో ప్రకటించిన అధ్యయనం ఒకటుంది. గడ్డ మాత్రమే తీసి కరెంటు పెట్టనివాళ్లలో 39 శాతం మందికి అదే రొమ్ములో మళ్లీ వచ్చింది. పెట్టించుకున్నవాళ్లలో 14 శాతం మందికి. అవి పాత రోజుల లెక్కలు, ఇప్పుడు మందులు మెరుగయ్యాయి కాబట్టి రెండు అంకెలూ ఇంకా తక్కువే ఉంటాయి. అయినా మిగిలినవాటిని చంపే పని దేనిదో అర్థమవుతుంది కదా. రొమ్ము మొత్తం తీయించుకున్నవాళ్ల కంటే వీళ్లు తక్కువేమీ బతకలేదని కూడా అందులోనే తేలింది.

కాబట్టి డబ్బు దాచుకోవాల్సింది కరెంటు రోజుల కోసం. సాధారణంగా ఇప్పుడు మూడు వారాలు, వారానికి ఐదు రోజుల చొప్పున పెడతారు. పర్లాకిమిడి నుంచి రోజూ విశాఖ వెళ్లి రావడం కుదిరే పని కాదు. గుణుపురం పాసింజర్‌నో బస్సునో నమ్ముకుని రోజు తప్పిస్తే ట్రీట్‌మెంట్ దెబ్బతింటుంది. అక్కడే ఉండాలి. గది, తిండి, తోడుండే మనిషి, ఇన్నాళ్లు ఇడ్లీ బండి ఆగిపోతే ఇల్లు గడవడం, ఇవన్నీ ఖర్చులే. ఆపరేషన్ చేసే ఆస్పత్రిలోనే రేడియేషన్ మెషిన్ ఉందా, లేకపోతే ఎక్కడికి పంపుతారో ఇప్పుడే అడగండి. చాలామంది ఈ ప్రశ్న కుట్లు విప్పాక అడుగుతారు. రైలు ప్రయాణానికి క్యాన్సర్ రోగులకు రాయితీ ఉంది. స్లీపర్‌లో రోగికి టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్లేవారికి 75 శాతం తగ్గింపు. ఆస్పత్రి నుంచి నిర్ణీత ఫారంలో సర్టిఫికెట్ తీసుకోవాలి.

సరిహద్దులో ఉన్నవాళ్లకి కార్డుల చిక్కు ఒకటి ఉంటుంది. మీరు ఒడిశా వాసులు కాబట్టి ఆంధ్రలోని ఎన్టీఆర్ వైద్య సేవ మీకు వర్తించదు. మీకు పనికొచ్చేది 2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో ఇస్తున్న ఆయుష్మాన్ భారత్ – గోపబంధు జన ఆరోగ్య యోజన కార్డు. ఆయుష్మాన్ జాబితాలో ఉన్న ఆస్పత్రి పక్క రాష్ట్రంలో ఉన్నా అది చెల్లుతుంది. మీ ఆస్పత్రి ఆ జాబితాలో ఉందా, క్యాన్సర్ సర్జరీకీ రేడియేషన్‌కీ రెండిటికీ ఉందా అని బిల్లింగ్ కౌంటర్‌లో కాకుండా ఆయుష్మాన్ డెస్కులో అడగండి. కెమెరా వాడితే అదనంగా ఏమైనా కట్టాలా అన్నదీ అక్కడే తేల్చుకోండి. పాతపట్నం చుట్టాల అడ్రసు మీద ఆంధ్ర కార్డు చేయిద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆధార్ దగ్గర పట్టుబడితే ట్రీట్‌మెంట్ మధ్యలో ఆగిపోతుంది.

నీలం మందు సంగతి. అది మోసం కాదు, రెండో రకం సరుకూ కాదు. ఐసీజీ రాకముందు నుంచీ ఈ పని దానితోనే, లేదా రేడియో ఐసోటోప్‌తో (కొద్దిగా రేడియేషన్ వదిలే మందు), లేదా రెండూ కలిపి చేస్తున్నారు. అలవాటైన చేతుల్లో నీలం ఒక్కటే అయినా పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మందికి గ్రంథి దొరుకుతుంది. ఐసీజీతో ఇంకొంచెం ఎక్కువ మందికి దొరుకుతుంది, రొమ్ము విషయంలో అది ఐసోటోప్‌కి సమానమే అని అధ్యయనాలు చెబుతున్నాయి. గర్భాశయ క్యాన్సర్లలో మాత్రం తేడా బాగా పెద్దది. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో ఐసీజీ 97 శాతం గ్రంథులను చూపిస్తే నీలం 47 శాతమే చూపించింది. మన దేశంలో ఖరీదైన కెమెరాలు లేని చోట్ల కోసం ఢిల్లీ ఎయిమ్స్ సర్జన్లు ఫ్లోరెసీన్ అనే చవక కంటి మందుని నీలి ఎల్‌ఈడీ లైటు కింద చూసే పద్ధతి పరీక్షించారు. ముంబై టాటా మెమోరియల్ వాళ్లయితే ఏ రంగూ లేకుండా చంక కింది భాగంలోని కొవ్వుని గ్రంథులతో సహా తీసి పరీక్షించే పద్ధతి చూపించారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీ సర్జన్‌ని అడగాల్సింది "కెమెరా ఉందా" అని కాదు. "మీరు ఈ గ్రంథి ఆపరేషన్ మామూలుగా దేనితో చేస్తారు? ఆ రోజు గ్రంథి దొరక్కపోతే ఏం చేస్తారు?" అని అడగండి. రెండో ప్రశ్నకు తడుముకోకుండా జవాబు వస్తే మీరు మంచి చోటే ఉన్నారు.

ఆలస్యం గురించి కూడా అంకె చెప్పాలి. 2020లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రిక 34 అధ్యయనాలను కలిపి చూసిన ఫలితం వేసింది. క్యాన్సర్ ఆపరేషన్ నాలుగు వారాలు ఆలస్యమైతే చనిపోయే ముప్పు 6 నుంచి 8 శాతం పెరుగుతుందని అందులో ఉంది. వందలో ఎనిమిది మంది పోతారని దీని అర్థం కాదు, ఉన్న ముప్పుకి అంత తోడవుతుందని. మీకు ఇచ్చిన మూడు వారాలకు కంగారు పడకండి, పరీక్షలకూ ఫిట్‌నెస్‌కీ ఆ మాత్రం పడుతుంది. ఇంకో డాక్టరు మాట కూడా వినాలనుంటే ఆ మూడు వారాల్లోనే వినండి. అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఒడిశా వైపు కావాలంటే కటక్‌లో ఆచార్య హరిహర సంస్థ ఉంది.

ఇప్పుడు అమ్మగారి దద్దుర్లు. ఐసీజీలో కొద్దిగా సోడియం అయోడైడ్ ఉంటుంది. అయోడిన్ మందులు పడనివారిలో జాగ్రత్త అని మందు కాగితంలో రాసి ఉంటుంది. దద్దుర్లు మాత్రమే లేచాయా, ఊపిరాడకపోవడం, బీపీ పడిపోవడం, పెదాలు వాయడం కూడా జరిగాయా అన్నది ముఖ్యం. ఆ స్కాన్ చీటీ ఇంట్లో ఉంటే వెతికి, సర్జన్‌కే కాదు మత్తు డాక్టరుకీ చూపించండి. వాళ్లు ఐసీజీ వద్దని నీలం వైపు మొగ్గినా ఆశ్చర్యం లేదు. చేపలు, రొయ్యలు పడకపోవడానికీ దీనికీ సంబంధం లేదు, ఆ రెండూ కలిపి చెప్పి వాళ్లని గందరగోళపెట్టకండి.

నీలానికీ దాని జాగ్రత్తలు దానికున్నాయి. అది మిథిలీన్ బ్లూ అయితే రెండు విషయాలు అడగకపోయినా చెప్పండి. నిద్రకనో దిగులుకనో ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లూఆక్సెటిన్ లాంటి మాత్రలు వేసుకుంటుంటే అవి మిథిలీన్ బ్లూతో పడవు. అలాగని మీ అంతట మీరు ఆపెయ్యకండి, డాక్టరే చెప్పాలి. రెండోది మీ ప్రాంతానికి సంబంధించినది. మలేరియా ఎక్కువగా ఉండే చోట్ల జీ సిక్స్ పీడీ అనే ఎంజైమ్ లోపం ఎక్కువ మందిలో ఉంటుంది, వాళ్లకు మిథిలీన్ బ్లూ ఇస్తే రక్తకణాలు పగిలే ప్రమాదం ఉంది. అమ్మగారికో ఆమె రక్తసంబంధీకులకో మలేరియాకి ప్రైమాక్విన్ మాత్రలు వేసుకున్నప్పుడు మూత్రం ముదురు గోధుమరంగులో వచ్చిందా, కళ్లు పచ్చబడ్డాయా గుర్తుచేసుకోండి. అనుమానం ఉంటే చిన్న రక్తపరీక్షతో తేలుతుంది.

రంగుకి భయపడుతున్నారన్నారు. ఐసీజీ కాలేయం ద్వారా పైత్యరసంలో కలిసి బయటికి పోతుంది, మూత్రంలో కనిపించదు. నీలం వాడితే ఒకటి రెండు రోజులు మూత్రం నీలంగానో పచ్చగానో వస్తుంది, ముఖం కాస్త బూడిద రంగుగా అనిపించవచ్చు, వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు కొద్దిసేపు తప్పు అంకె చూపించవచ్చు. రొమ్ము మీద నీలం మచ్చ కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటుంది, తర్వాత పోతుంది. ఇవన్నీ ఆమెకు ముందే చెప్పండి. తోడు పడుకునేవాళ్లకీ చెప్పండి, లేకపోతే రాత్రి మూత్రం రంగు చూసి వార్డంతా హడావుడి అవుతుంది.

సంతకం పెట్టే కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. చదివి వినిపించి, అమ్మగారికి అర్థమయ్యే తెలుగులో చెప్పమనండి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరి నుంచి వచ్చారు, ఆ మాత్రం అడిగే హక్కు మీకుంది! అందులో "అవసరమైతే" అని మొదలయ్యే వాక్యాలు జాగ్రత్తగా వినండి. అవసరమైతే చంక మొత్తం, అవసరమైతే రొమ్ము మొత్తం అని రాసి ఉండవచ్చు. ఏ పరిస్థితిలో, ఎవరిని అడిగి ఆ నిర్ణయం తీసుకుంటారో, గ్రంథి పరీక్ష అక్కడికక్కడే చేస్తారా లేక వారం తర్వాత రిపోర్టు వస్తుందా, అన్నీ ఆ రోజే అడగండి. అమ్మగారు మత్తులో ఉండగా మావయ్యగారిని బయటికి పిలిచి సంతకం అడిగే పరిస్థితి రాకూడదు.

మావయ్యగారికి ఈ జవాబు చదివి వినిపించండి. ఆయనకి చెల్లెలో అక్కో మీద ఉన్న ప్రేమ తప్పు పట్టాల్సింది కాదు. విశాఖలో ఆస్పత్రికి నడిచి వెళ్లేంత దూరంలో మూడు వారాలకు గది చూసే పని ఆయనకే అప్పగించండి. ఆపరేషన్ అయ్యాక వచ్చే పాథాలజీ రిపోర్టులో అంచుల మాట, గ్రంథుల లెక్క, క్యాన్సర్ ఏ రకమో చెప్పే ఈఆర్, పీఆర్, హెర్ టూ పరీక్షల ఫలితాలు ఉంటాయి. కీమో కావాలా, మాత్రలు చాలా అన్నది వాటిని బట్టే తేలుతుంది. అప్పుడు ఏదైనా అర్థం కాకపోతే మళ్లీ రాయండి.